ఓడలో పనికే కాదు, ఓడ నడపడానికీ మనం పనికొస్తాం

- హాస్టల్ పూర్వ విద్యార్థి, విశాఖపట్నం



ఏ హాస్టల్ వార్షికోత్సవ సంచిక తిరగేసినా 'ఇంటర్ తరువాత ఏమిటి?' అనే వ్యాసం ఒకటి తప్పక ఉంటుంది. అందులో ఇంజినీరింగ్ ఉంటుంది, టీచర్ ట్రైనింగ్ ఉంటుంది, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, కానిస్టేబుల్ సెలక్షన్లు ఉంటాయి. సముద్రం మాత్రం ఉండదు. ఇంత పొడవైన తీరం ఉన్న రాష్ట్రంలో సముద్రం మీది ఉద్యోగాల గురించి మన పిల్లలతో మాట్లాడేది ఒక్కడే. వాడు ఏజెంటు. "క్రూయిజ్ షిప్పులో ఉద్యోగం, డాలర్లలో జీతం, తిండీ బసా ఉచితం, రెండు లక్షలు కడితే చాలు" అంటాడు. ఏం ఉద్యోగమని అడిగితే గదులు తుడిచేది, గిన్నెలు కడిగేది, బల్లల దగ్గర వడ్డించేది అని తేలుతుంది.

ఆ పనులు తక్కువవని నేను అనడం లేదు. చెమటోడ్చి చేసే ఏ పనీ తక్కువది కాదు. మన అమ్మానాన్నలు చేసింది అలాంటి పనులే. నేనడిగేది వేరు. అదే ఓడలో నాలుగు బంగారు చారలు భుజాన వేసుకుని నిలబడే కెప్టెన్ ఉంటాడు, చీఫ్ ఇంజినీరు ఉంటాడు, హోటల్ డైరెక్టర్ ఉంటాడు. ఆ కుర్చీలకు దారి ఏమిటో మన పిల్లలకు ఎవరూ ఎందుకు చెప్పరు? ఆ దారి రహస్యమేమీ కాదు. దానికి ప్రవేశపరీక్ష ఉంది, రిజర్వేషన్ ఉంది, మన విశాఖలో విశ్వవిద్యాలయ క్యాంపస్ కూడా ఉంది. లేనిదల్లా చెప్పే మనిషి, చేయి పట్టుకునే శాఖ. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఓడ అంటే తేలే పట్టణం

క్రూయిజ్ ఓడ సరుకుల ఓడ కాదు, ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మనుషుల్ని చేర్చే పాతకాలపు స్టీమరూ కాదు. ప్రయాణమే వినోదంగా సాగే తేలే హోటల్ అది. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' పొడవు సుమారు 365 మీటర్లు. అంతస్తులు ఇరవై. నిండుగా ఉంటే 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. మన మండల కేంద్రాలు కొన్ని ఇందులో ఇమిడిపోతాయి. అంతమందికి నీళ్ళు, కరెంటు, తిండి, వైద్యం, భద్రత అన్నీ నడిసముద్రంలో అందాలి. ఓడలో మంటలు రేగితే అక్కడికి ఫైరింజను రాదు, ఓడలోని వాళ్ళే ఆర్పుకోవాలి.

అందుకే ఈ ఓడలో పెత్తనం మూడు విభాగాలుగా ఉంటుంది. మొదటిది డెక్కు. ఓడను నడిపేది, భద్రత చూసేది వీళ్ళు. వీళ్ళ పైన కెప్టెన్, ఆయన తరువాత స్టాఫ్ కెప్టెన్ ఉంటారు. రెండోది ఇంజను విభాగం. దానికి అధిపతి చీఫ్ ఇంజినీరు. మూడోది హోటల్ విభాగం. వంట, వడ్డన, గదులు, లెక్కలు, వినోదం అన్నీ దీని కిందివే. సిబ్బందిలో అత్యధిక భాగం ఇక్కడే ఉంటారు. దీనికి పెద్ద హోటల్ డైరెక్టర్. ఈ నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటేనే ఓడ కదులుతుంది. చివరి మాట మాత్రం ఎప్పుడూ కెప్టెన్‌దే.

మనవాళ్ళు ఓడ ఎక్కడం కొత్త కాదు

సముద్రం దాటితే కులం పోతుందని కొందరు భయపడి ఒడ్డునే ఉండిపోయిన రోజుల్లో పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనవాళ్ళు ఓడలెక్కారు. కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్ళి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. ఇంకొందరు చెరుకు తోటల పనికి మారిషస్, నాటాల్, ఫిజీ దాకా పోయారు. రంగూన్ ఓడల్లో మనవాళ్ళు పడుకున్నది ఎక్కడ? గదుల్లో కాదు, ఎండకూ వానకూ పైడెక్కు మీద. అతి తక్కువ టిక్కెట్టు వాళ్ళను 'డెక్కు ప్రయాణికులు' అనేవారు.

ఓడల్లో పనిచేసిన భారతీయుల కథా అంతే. బ్రిటిష్ స్టీమర్లలో బొగ్గు ఎత్తిపోసింది, తాళ్ళు లాగింది, డెక్కు కడిగింది లస్కర్లు. ఆ లస్కర్లకు పెద్దను సరంగు అనేవారు. గోదావరి లాంచీల మీద ఆ మాట మనం ఇప్పటికీ వింటున్నాం. ఎంత అనుభవం ఉన్నా, ఎన్ని తుపానులు దాటినా, డెక్కు మీద భారతీయుడు సరంగు దగ్గరే ఆగిపోవాలి. ఆ పైన ఓడ నడిపే బ్రిడ్జి తెల్లవాళ్ళది. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ వారి 'లాయల్టీ' ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ రోజునే మనం జాతీయ సముద్రయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఓడ మనదైనా దాన్ని నడిపే అధికారులను తయారుచేసుకోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. 1927లో బొంబాయిలో 'డఫరిన్' శిక్షణ నౌక మొదలయ్యాకే భారతీయ కుర్రాళ్ళు అధికారులుగా తర్ఫీదు పొందే వీలు దేశంలో కలిగింది. అదే సింధియా కంపెనీ విశాఖలో కట్టిన 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ గారు సముద్రంలోకి దింపారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పైకి వెళ్ళే నిచ్చెన దానంతట అది దిగిరాదు. ఎవరో అడగాలి, ఎవరో వేయాలి. దేశం తన కుర్రాళ్ళ కోసం 1927లో ఒక నిచ్చెన వేసుకుంది. మన హాస్టల్ పిల్లల కోసం ఆ నిచ్చెనను మన గుమ్మం దాకా తేవడమే మిగిలిన పని.

మూడు గుమ్మాలు

ఓడ ఎక్కడం గొప్ప కాదు. ఏ గుమ్మంలోంచి ఎక్కామన్నదే ముఖ్యం. ఎందుకంటే ఒక గుమ్మంలోంచి ఎక్కినవాళ్ళు ఇంకో వైపు మెట్లెక్కడం చాలా కష్టం.

మొదటి గుమ్మం డెక్కు. ఇంటర్ ఎం.పి.సి. చదివినవాళ్ళకు ఇది తెరిచి ఉంది. భారత సముద్రయాన విశ్వవిద్యాలయాన్ని 2008లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పాటు చేశారు. చెన్నై దాని ముఖ్య కేంద్రం. ముంబై, కోల్‌కతా, కొచ్చి, విశాఖపట్నంలలో క్యాంపస్‌లు ఉన్నాయి. దీనికి 'ఐ.ఎం.యు. సెట్' అనే ప్రవేశపరీక్ష రాయాలి. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలలో సగటున 60 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు అందులో 5 శాతం సడలింపు ఉంది, వయసులోనూ సడలింపు ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయం కనుక సీట్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది.

ఇందులో రెండు దారులు. ఒకటి డి.ఎన్.ఎస్. అనే ఏడాది డిప్లొమా. అది చదివాక పద్దెనిమిది నెలలు ఓడమీద క్యాడెట్‌గా పనిచేయాలి. రెండోది మూడేళ్ళ బి.ఎస్సీ. నాటికల్ సైన్స్. దాని తరువాత ఓడమీద ఏడాది. ఆపైన 'సెకండ్ మేట్' పరీక్ష పాసైతే థర్డ్ ఆఫీసరుగా బ్రిడ్జి మీద వాచ్ ఇస్తారు. మళ్ళీ కొంత సముద్రానుభవం, మళ్ళీ పరీక్ష, 'ఫస్ట్ మేట్'. ఇంకా అనుభవం, ఇంకో పరీక్ష, 'మాస్టర్'. మాస్టర్ అంటే కెప్టెన్ లైసెన్సు. చదువు, ఓడ, పరీక్ష, మళ్ళీ ఓడ. ఇదీ వరస.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన కుర్రాళ్ళలో ఎక్కువమంది క్యాడెట్‌గా క్రూయిజ్ ఓడల్లో మొదలుపెట్టరు. సరుకుల ఓడలు, చమురు ట్యాంకర్లు ఎక్కి అక్కడ లైసెన్సులు సంపాదిస్తారు. తరువాత ప్రయాణికుల ఓడలకు మారవచ్చు. లైసెన్సు అదే. క్రూయిజ్ ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాలతో తిరుగుతాయి కనుక ఆ దేశం నుంచి గుర్తింపు పత్రం తీసుకోవాలి. వేల మందిని కంగారుపడకుండా బోట్ల దగ్గరికి నడిపించే 'క్రౌడ్ మేనేజ్‌మెంట్', 'క్రైసిస్ మేనేజ్‌మెంట్' శిక్షణలు అదనంగా చేయాలి. మారేటప్పుడు ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. స్టాఫ్ కెప్టెన్, కెప్టెన్ అయ్యేసరికి నలభై దగ్గర పడినా ఆశ్చర్యం లేదు. త్వరగా డబ్బు కావాలనుకునేవాళ్ళకు ఇది దారి కాదు.

రెండో గుమ్మం ఇంజను. నాలుగేళ్ళ బి.టెక్. మెరైన్ ఇంజినీరింగ్ నేరుగా ఇటే వస్తుంది. కానీ మనవాళ్ళకు తెలియనిది ఇంకొకటి ఉంది. మామూలు కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్ళు ఏడాది శిక్షణతో మెరైన్ ఇంజినీరు కావచ్చు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు సుమారు నాలుగు నెలల కోర్సుతో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు వైపు వెళ్ళవచ్చు. నేటి పెద్ద క్రూయిజ్ ఓడలు చాలావరకు కరెంటుతో నడిచేవే. ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటు మోటార్లను తిప్పుతుంది, మోటార్లు పంకాలను తిప్పుతాయి. కనుక ఎలక్ట్రికల్ వాళ్ళు లేనిదే ఓడ అడుగు కదలదు. మన హాస్టళ్ళ నుంచి ఇంజినీరింగ్‌కు వెళ్ళి, డిగ్రీ చేతిలో పెట్టుకుని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న అన్నలు ఎంతమంది లేరు? వాళ్ళలో కొందరికైనా ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేది.

మూడో గుమ్మం హోటల్. దీనికి ఎం.పి.సి. అక్కర్లేదు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఐ.హెచ్.ఎం., గచ్చిబౌలిలో నిథమ్, తిరుపతిలో స్టేట్ ఐ.హెచ్.ఎం. ఉన్నాయి. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేసి, ఒడ్డున మంచి హోటల్లో రెండు మూడేళ్ళు పనిచేసి, తరువాత ఓడ ఎక్కితే సూపర్‌వైజర్ మెట్టుకు దగ్గరగా మొదలవుతారు. లెక్కలు తెలిసిన వాళ్ళు పర్సర్ ఆఫీసు వైపు వెళ్ళవచ్చు. స్టీవార్డుగా చేరి పైకి వచ్చినవాళ్ళూ ఈ విభాగంలో ఉన్నారు. మూడు గుమ్మాల్లో కిందనుంచి పైదాకా మెట్లు కొంత తేలికగా ఉన్నది ఇక్కడే. అయితే భాష, లెక్కలు, కంప్యూటరు నేర్చుకుంటూ పోయినవాళ్ళకే ఆ మెట్లు. ఏళ్ళ తరబడి పళ్ళెం మోసినంత మాత్రాన ఎవరూ పైకి పిలవరు.

పదో తరగతితోనే ఆగినవాళ్ళకు ఆరు నెలల జి.పి. రేటింగ్ కోర్సు ఉంది. ఖలాసీగా చేరి, సముద్రానుభవం కూడగట్టుకుని, పరీక్షలు రాసి ఆఫీసర్లయిన వాళ్ళు కొందరుంటారు. లంగరు గొలుసు పోయే రంధ్రంలోంచి పైకి వచ్చినవాళ్ళని ఓడవాళ్ళు వాళ్ళ గురించి గౌరవంగా చెప్పుకుంటారు. ఇంటర్ చదివే వీలున్నవాళ్ళు మాత్రం ఆ ఇరుకు దారి ఎంచుకోవద్దని నా సలహా.

'మనవల్ల అవుతుందా?'

ఈ మాట మన పిల్లల కంటే ముందు మన పెద్దలే అంటారు. వాళ్ళ అనుమానాలు మూడు.

ఒకటి, ఇంగ్లీషు. ఇది నిజమైన అడ్డంకే. పదిలో గాని ఇంటర్‌లో గాని ఇంగ్లీషు సబ్జెక్టులో 50 శాతం మార్కులు ఉండాలి. పైన చెప్పిన 5 శాతం సడలింపు ఎస్సీ, ఎస్టీలకు ఇక్కడ వర్తించదు. ఈ ఒక్క వాక్యం తెలియక ఇంగ్లీషులో అత్తెసరు మార్కులతో గట్టెక్కి, తరువాత అర్హత లేదని తెలుసుకోవడం కంటే దుఃఖం లేదు. అందుకే పదో తరగతి పిల్లలు ఈ సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. అయితే భయం అక్కర్లేదు. ఓడమీద కావలసింది షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. ప్రపంచంలో ఏ దేశం నావికుడైనా ఒకరికొకరు అర్థమయ్యేలా అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక వాక్యాలు ఖరారు చేసింది. చిన్న చిన్న వాక్యాలు, ఒక మాటకు ఒకే అర్థం. నేర్చుకుంటే వచ్చేదే.

రెండు, ఖర్చు. ఇదీ నిజమే. ఫీజులు లక్షల్లో ఉంటాయి. ప్రైవేటు సంస్థల్లో ఇంకా ఎక్కువ. ఫీజు కట్టి కోర్సు పూర్తిచేసి, ఏ కంపెనీ క్యాడెట్‌గా తీసుకోక ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు ఉన్నారు. కాబట్టి ముందు కంపెనీ స్పాన్సర్‌షిప్ వచ్చిందా అని చూడాలి, తరువాతే ప్రైవేటు కాలేజీ మాట ఎత్తాలి. ఈ ఖర్చు సంగతి వ్యాసం చివర మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఇది పిల్లల చేతిలో ఉన్న సమస్య కాదు.

మూడు, దూరం, ప్రమాదం. నెలల తరబడి ఇల్లు కనిపించదు. పండుగలు, పెళ్ళిళ్ళు, ఒక్కోసారి ఇంట్లో చావులు కూడా దూరం నుంచి ఫోనులో వినాల్సి వస్తుంది. రోజుకు కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నిబంధన ఉన్నా పని మాత్రం గట్టిగానే ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు క్రూయిజ్ ఓడలన్నీ ఆగిపోయాయి. చాలామంది సిబ్బంది ఇంటికి రాలేక నెలల తరబడి ఓడల్లోనే ఉండిపోయారు. అదే ఏడాది మన దేశంలోని ఒక క్రూయిజ్ కంపెనీ మూతపడింది. ఇవన్నీ తెలుసుకునే ముందుకు వెళ్ళాలి. కానీ ఐదో తరగతికే ట్రంకు పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి, నలభై మందితో ఒక గదిలో పడుకుని, గంట కొడితే లేచి, క్యూలో నిలబడి తిని చదువుకున్న పిల్లలు మనం. ఓడ జీవితానికి కావలసిన ఓర్పు, సర్దుబాటు, వేళకు పని అనేవి మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. హాస్టల్ మనకిచ్చిన సర్టిఫికెట్ అది.

చూపు సంగతి కూడా మరచిపోవద్దు. డెక్కు వైపు కంటిచూపు నియమం చాలా కఠినం. రంగులు సరిగా గుర్తించలేనివాళ్ళను తీసుకోరు. ఫీజు కట్టక ముందే గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవాలి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. 2015 జూన్‌లో కాకినాడ నుంచి వెళ్ళిన 'దుర్గమ్మ' అనే చేపల పడవ ఇంజను చెడిపోయి, లంగరు పోయి, తుపాను గాలికి ఒడిశా వైపు కొట్టుకుపోయింది. అందులోని ఏడుగురు మత్స్యకారులను బంగాళాఖాతంలో భయంకరమైన అలల మధ్య కాపాడింది 'సంపూర్ణ స్వరాజ్య' అనే చమురు ఓడ. ఆ ఓడ కెప్టెన్ రాధికా మీనన్. భారత వాణిజ్య నౌకాదళంలో కెప్టెన్ అయిన మొదటి మహిళ. 1991లో ట్రైనీ రేడియో ఆఫీసరుగా చేరి మెట్టు మెట్టుగా పైకి వచ్చారు. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన మొదటి మహిళా ఆమే. క్రూయిజ్ ఓడల్లో చూస్తే, అట్లాంటిక్ మధ్యలో సెయింట్ హెలీనా అనే చిన్న దీవి నుంచి వచ్చిన బెలిండా బెన్నెట్ పదిహేడేళ్ళకు క్యాడెట్‌గా మొదలై 2016లో 'విండ్ స్టార్' కెప్టెన్ అయ్యారు. క్రూయిజ్ ఓడకు కెప్టెన్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఆ దీవి మన ఒక పెద్ద గ్రామమంత. అక్కడినుంచి సాధ్యమైనది మన మండలాల నుంచి ఎందుకు కాదు?

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న

ఏజెంటు సంగతికి వద్దాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు, డబ్బు కట్టేదాకా "తమ్ముడూ" అంటాడు, కట్టాక ఫోను ఎత్తడు. అప్పు తెచ్చి, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి కట్టే కుటుంబాలు మనవే. కాబట్టి ఈ నాలుగు విషయాలు నోటుపుస్తకంలో రాసుకోండి.

ఓడల్లోకి మనుషుల్ని పంపే ఏ సంస్థకైనా కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. డి.జి. షిప్పింగ్ అని అందరూ పిలిచే ముంబైలోని కేంద్ర కార్యాలయం ఆ సంస్థల జాబితాను ఇంటర్నెట్‌లో పెడుతుంది. జాబితాలో పేరు లేకపోతే అక్కడితో మాట ఆపేయండి.

ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నిషిద్ధం. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, నావికుడి పుస్తకం ఖర్చులు తప్ప ఇంకేమీ మీమీద పడకూడదు.

ఓడ ఎక్కే ముందు ప్రాథమిక భద్రతా శిక్షణ తప్పనిసరి. నీటిలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, తోటివారి భద్రత అందులోని అంశాలు. వాటిని ఆమోదం ఉన్న సంస్థలోనే చేయాలి. సర్టిఫికెట్ అమ్ముతామనే వాళ్ళ జోలికి పోవద్దు.

ఒప్పందం కాగితం మీద ఉద్యోగం పేరు, జీతం, ఎన్ని నెలలు అనేవి చదవకుండా సంతకం పెట్టవద్దు. చదవడం రాకపోతే హాస్టల్ వార్డెన్ గారికి చూపించండి. మన హాస్టల్ ఎప్పుడూ మనదే.

చారలంటే ఏమిటి?

సీనియర్ ఆఫీసరు కావాలని కలగనే ముందు ఆ చారల అర్థం తెలుసుకోవాలి. 2012 జనవరి 13 రాత్రి 'కోస్టా కాంకార్డియా' అనే క్రూయిజ్ ఓడ ఇటలీలోని జిలియో దీవి దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ప్రయాణికులు ఇంకా లోపల ఉండగానే ఓడ వదిలి వెళ్ళిన కెప్టెన్ ఫ్రాన్సెస్కో స్కెట్టీనోకు 2015లో కోర్టు పదహారేళ్ళ జైలుశిక్ష వేసింది. అదే ఓడలో వెయిటర్‌గా పనిచేసిన రసెల్ రెబెలో అనే ముంబై ప్రాంతపు యువకుడు ప్రయాణికులను బయటికి పంపుతూ ప్రాణం పోగొట్టుకున్నాడు. తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చేశాడని తోటివారు చెప్పారు. అతని అవశేషాలు 2014లో గాని దొరకలేదు.

ఆ రాత్రి నాలుగు చారలకు తగినవాడు ఎవరు? జవాబు మీకే తెలుసు. 2020 ఫిబ్రవరిలో జపాన్ రేవులో కరోనాతో చిక్కుకున్న 'డైమండ్ ప్రిన్సెస్' ఓడలో ప్రయాణికులు, సిబ్బంది అందరూ దిగేదాకా ఉండి, చివరి మనిషిగా దిగిన కెప్టెన్ జెన్నారో ఆర్మా కూడా ఇటలీవాడే. ఆ ఓడ సిబ్బందిలో 132 మంది భారతీయులు. చారలు పుట్టుకతో రావు, కోటు తొడిగినంత మాత్రానా రావు. బాధ్యత మోయగలిగినవాడికే అవి అందం. బాధ్యత మోయడం తెలిసినవాళ్ళు వడ్డించే బల్లల దగ్గర, గదులు తుడిచే చోట ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ళకు దొరకనిది అవకాశం. అందుకే నేను స్టీవార్డు పని వద్దని చెప్పడం లేదు. అక్కడితో మన పిల్లల దారి మూసుకుపోకూడదని మాత్రమే అంటున్నాను.

ఎవరేం చేయాలి?

2022 జూన్‌లో 'ఎంప్రెస్' క్రూయిజ్ ఓడ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరు 30న కేంద్రం 'క్రూయిజ్ భారత్ మిషన్' ప్రకటించింది. 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలన్నది లక్ష్యం. టెర్మినల్ కట్టారు, సంతోషం. ఆ టెర్మినల్‌లో మన పిల్లలు పెట్టెలు మోసేవాళ్ళుగా మాత్రమే కనిపిస్తారా, ఓడ దిగివచ్చే ఆఫీసర్లుగా కూడా కనిపిస్తారా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలి.

సాంఘిక సంక్షేమ శాఖకు నా విన్నపం. విదేశాల్లో పై చదువులకు వెళ్ళే మన విద్యార్థులకు ప్రభుత్వాలు అంబేద్కర్ పేరుతో సాయం చేస్తున్నాయి, చాలా మంచి పని. బాబాసాహెబ్ స్వయంగా 1913లో బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో ఓడెక్కి న్యూయార్క్ చదువుకు వెళ్ళినవారే. అదే దృష్టితో సముద్రయాన శిక్షణకు, ఆ తరువాత సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, మాస్టర్ పరీక్షలకు కూడా సాయం అందాలి. కోర్సు ఫీజు ఒక్కటి కడితే సరిపోదు. ఓడ దిగి పరీక్షకు చదువుకునే నెలల్లో జీతం ఉండదు. ఇంటికి డబ్బు పంపలేక మన కుర్రాడు మధ్యలో ఆగిపోయేది అక్కడే. రెండోది, క్యాడెట్ బెర్తు. కంపెనీలతో మాట్లాడి ఏడాదికి కొద్దిమందికైనా బెర్తు ఖాయం చేయించగల బలం ప్రభుత్వానికే ఉంది, ఒక కూలీ తండ్రికి లేదు.

ఇది గొంతెమ్మ కోరిక అనుకునేవాళ్ళకు ఒకటి గుర్తు చేస్తాను. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. వాళ్ళు ఎక్కగలిగింది ధైర్యం ఒక్కదానితోనే కాదు. ఎవరో వాళ్ళను గుర్తించారు, శిక్షణ ఇప్పించారు, ఖర్చు పెట్టారు. ప్రపంచంలో అతి ఎత్తయిన చోటుకు పిల్లల్ని పంపగలిగిన శాఖకు సముద్రమట్టానికి కొంచెం పైన ఉండే బ్రిడ్జి మీదికి పంపడం అసాధ్యమా?

పూర్వ విద్యార్థులకు నా మాట. ఏటా వార్షికోత్సవానికి వస్తాం, శాలువాలు కప్పించుకుంటాం, ఫోటో దిగి వెళ్ళిపోతాం. ఈసారి నుంచి తలా కొంత వేసుకుని ఏటా ఇద్దరు పిల్లలకు కంటి పరీక్ష, పాస్‌పోర్టు, ప్రవేశపరీక్ష ఫీజు మనం కడదాం. మొత్తం పెద్దదేమీ కాదు. ఏటా దసరా సెలవుల ముందు ఒక ఆదివారం ఎవరైనా ఓడ ఆఫీసరును పిలిచి పిల్లలతో మాట్లాడిద్దాం. కళ్ళతో చూసిన మనిషి ఇచ్చే నమ్మకం నోటీసు బోర్డు ఇవ్వదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక మీ వంతు. తొమ్మిది, పది తరగతుల్లో ఇంగ్లీషు మీద, లెక్కల మీద పట్టు సంపాదించండి. ఈత నేర్చుకోండి. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటే ఐ.ఎం.యు. సెట్ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని ఉండండి. తీసుకోకపోతే హోటల్ మేనేజ్‌మెంట్ దారి ఉందని మరువకండి. మీ అందరూ ఓడలెక్కాలని నేననడం లేదు. టీచర్లు కండి, డాక్టర్లు కండి, కలెక్టర్లు కండి. కానీ రేపు ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "ఓడలో పని ఉంది, వస్తావా?" అని అడిగితే, "ఏ విభాగంలో? ఏ సర్టిఫికెట్‌తో? ఎన్నేళ్ళకు ఏ మెట్టు దాకా?" అని ఎదురు అడగండి. ఆ మూడు ప్రశ్నలు అడగగలిగిన పిల్లవాణ్ణి ఏ ఏజెంటూ మోసం చేయలేడు.

మన తాతలు డెక్కు మీద పడుకుని సముద్రం దాటారు. మన పిల్లలు బ్రిడ్జి మీద నిలబడి దాటాలి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.